ట్యూమెఫై: స్పెల్లింగు, అర్థం, వాడుక

ఇంగ్లీషులో ట్యూమెఫై (tumefy) అంటే వాచడం, లేదా వాచేలా చేయడం. లాటిన్‌లో ఉబ్బడానికి ‘ట్యుమేరే’, చేయడానికి ‘ఫాకెరే’. రెండూ కలిసిన మాట ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. ట్యూమర్‌దీ అదే ధాతువు.

స్పెల్లింగులో ఎఫ్‌కు ముందు ‘ఈ’ అక్షరం రాయాలి, ‘ఐ’ కాదు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ప్యూరిఫై లాంటివి లాటిన్ ‘ఫికారే’ క్రియల వారసులు కాబట్టి వాటిలో ‘ఐ’ ఉంటుంది. లిక్విఫై, స్టుపిఫై, ప్యూట్రిఫై మాత్రం దీనిలాగే ‘ఫాకెరే’ సంతానం కాబట్టి వాటిలోనూ ‘ఈ’ రాయాలి. చెవికి తేడా తెలియదు, అందుకే ఈ నాలుగూ ఒకచోట రాసుకుని గుర్తుపెట్టుకోండి. భూతకాలంలో చివరి ‘వై’ తీసేసి ‘ఐ-ఈ-డి’ చేర్చాలి. నామవాచకం ట్యూమెఫాక్షన్.

కాలు బెణికి వాచిందని చెప్పడానికి ఈ మాట వాడితే మరీ పుస్తకాల భాషగా ఉంటుంది. స్వెల్ చాలు, వాచిన కాలుకు విశేషణం ‘స్వోలెన్’, ‘స్వెల్డ్’ కాదు.

స్కాన్ రిపోర్టులో ‘ట్యూమెఫాక్టివ్’ అని ఉంటే గడ్డలా కనిపిస్తోందని అర్థం. ఆ ఒక్క మాటతో క్యాన్సర్ అని తేల్చినట్టు కాదు. మిగతాది డాక్టరునే అడగాలి.