ఈ యానిమేషన్ సినిమా మా పిల్లలకు చూపించొచ్చా? ముందే తేల్చుకోవడం ఎలా

బొమ్మల సినిమా కదా, పిల్లలదే అయ్యుంటుందిలే అనుకుని పెట్టేస్తాం. 1988 ఏప్రిల్ 16న జపాన్‌లో జిబ్లీ స్టూడియో తీసిన రెండు సినిమాలు ఒకే రోజు జంటగా విడుదలయ్యాయి. ఒకటి ‘మై నైబర్ టొటోరో’, బుడ్డోళ్లు కూడా హాయిగా చూసేది. రెండోది ‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’, యుద్ధంలో దిక్కులేనివాళ్లైన అన్నాచెల్లెళ్లు తిండి లేక చనిపోయే కథ, పెద్దవాళ్లకే గొంతు పట్టేస్తుంది. కాబట్టి బొమ్మలు ముద్దుగా ఉన్నాయా లేదా అన్నది పక్కన పెట్టి, ఇలా చూడండి.

1. ముందు సర్టిఫికెట్

ఒక్కో దేశానిది ఒక్కో లెక్క. బ్రిటన్‌లో యూ అంటే సుమారు నాలుగేళ్లు దాటినవాళ్లకు పర్వాలేదని అర్థం, భారత్‌లో యూఏ ఇప్పుడు 7+, 13+, 16+ అని మూడు రకాలు. పెద్ద వయసు రేటింగ్ ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, వదిలేయండి. చిక్కల్లా ‘అందరూ చూడొచ్చు’ అన్నవాటితోనే. ‘టాయ్ స్టోరీ 3’కి అమెరికాలో అన్ని వయసులవాళ్లకూ ఇచ్చే జీ రేటింగ్ ఉంది, అయినా చివర్లో బొమ్మలన్నీ చెత్త కాల్చే కొలిమిలోకి జారిపోతూ ఒకరి చేయి ఒకరు పట్టుకునే సీన్ నాలుగేళ్ల పిల్లకి మామూలు విషయం కాదు. రేటింగ్ పక్కన కారణం కూడా రాసి ఉంటే అది చదవండి, అక్షరం కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

2. మీ పిల్లలు దేనికి భయపడతారో గుర్తు చేసుకోండి

అసలు పని ఇక్కడే ఉంది. మూడు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలు ఎక్కువగా కంటికి కనిపించేదాన్ని బట్టి భయపడతారు. ఆ రాక్షసుడు మంచివాడేనని కథ ఎంత చెప్పినా, కోరలు, గుడ్లురిమే చూపు, ఉన్నట్టుండి మనిషి మరో రూపంలోకి మారిపోవడం, చీకట్లో ఢామ్మని మోగే శబ్దం, వీటికే హడలిపోతారు. ఏడెనిమిదేళ్లు దాటాక ఆ కోరలకి నవ్వుతారు గానీ, నిజంగా జరగడానికి వీలున్నవి పట్టుకుంటాయి: ఇల్లు తగలబడటం, ఎవరో ఎత్తుకుపోవడం, అమ్మకో నాన్నకో ఏదో అవ్వడం. అమ్మానాన్నల నుంచి విడిపోవడం మాత్రం ఏ వయసువాళ్లనైనా కుదిపేస్తుంది, కుటుంబ యానిమేషన్ కథల్లో సగం దాని మీదే నడుస్తాయనిపిస్తుంది నాకు. ‘ఫైండింగ్ నీమో’ మొదలైన కాసేపటికే తల్లి చేప పోతుంది. ఈ మధ్యే ఇంట్లో ఎవరైనా దూరమై ఉంటే, పెంపుడు కుక్క పోయి ఉంటే, ఇంకో పాపకి ఏమీ అనిపించని సీన్ మీ పాపని వారం రోజులు వెంటాడొచ్చు. దీన్ని ఏ సెన్సార్ బోర్డూ చెప్పలేదు, మీకే తెలియాలి.

3. కథ చివరిదాకా చదివేయండి

ట్రైలర్‌ని నమ్మొద్దు. జోకులన్నీ అందులో పెట్టి, ఏడిపించేవి దాచేస్తారు, వాళ్ల పని అదే. సస్పెన్స్ పోతుందన్న బెంగ పెట్టుకోకుండా కథ మొత్తం చదవండి. కామన్ సెన్స్ మీడియా అనే సైట్లో వయసుల వారీగా వివరంగా రాస్తారు, ఐఎండీబీలో తల్లిదండ్రుల కోసం వేరే పేజీ ఉంటుంది, డజ్ ద డాగ్ డై అనే సైట్లో జంతువు చనిపోతుందా, తల్లి చనిపోతుందా లాంటివి విడివిడిగా చూసుకోవచ్చు. ‘సూపర్’, ‘చెత్త’ లాంటి తీర్పులు మనకెందుకు, ఏ సీన్లో ఏముందో చెప్పినవాళ్ల మాటే వినండి.

4. వీలైతే ముందు మీరు చూడండి

మొత్తం చూసే తీరిక లేకపోతే మొదటి పది నిమిషాలు, చివరి అరగంట చాలు. చావులు, విడిపోవడాలు, విలన్ విశ్వరూపం ఎక్కువగా అక్కడే ఉంటాయి. పెద్దవాళ్ల కోసం పెట్టిన డబుల్ మీనింగ్ జోకుల గురించి మరీ టెన్షన్ పడకండి, చిన్నవాళ్లకి అవి తలపైనుంచి పోతాయి. నాకైతే అంతకన్నా పట్టించుకోవాల్సింది, సరదాగా చూపించి ఏమీ కానట్టు వదిలేసే పనులు: మేడ మీంచి దూకడం, వాషింగ్ మెషీన్లో దాక్కోవడం, నిప్పుతో ఆడటం. ఇంట్లో చేసి చూడటానికి వీలున్నది ఏదైనా ఉంటే ఆ సీన్ దగ్గరే మాట్లాడాలి.

5. ఎక్కడ, ఎప్పుడు చూపించాలి

అనుమానంగా ఉంటే థియేటర్ వద్దు, ఇంట్లోనే. ఆపొచ్చు, సౌండ్ తగ్గించొచ్చు, లైటు వేసుకోవచ్చు. పడుకునే ముందు కాకుండా పగటిపూట పెట్టండి. ఏడవకపోయినా గమనిస్తూ ఉండండి, కొందరు భయమేస్తే బిగుసుకుపోయి కదలకుండా కూర్చుంటారు, మనమేమో ఎంత శ్రద్ధగా చూస్తున్నాడో అని మురిసిపోతాం. ‘అదంతా ఉత్తిదే’ అన్న మాట చిన్నవాళ్లకి అంతగా ఎక్కదు, ఒళ్లో కూర్చోబెట్టుకోవడమే బాగా పనిచేస్తుంది. సినిమా ఆపాల్సి వస్తే భయపెట్టిన చోటే కట్టేసి వదలకండి, ఆ చేప చివరికి ఇంటికి చేరిందో లేదో నోటితోనైనా చెప్పేయండి.