ఆరేడు లక్షల్లో పాత స్పోర్ట్స్ కారు: లక్షణం, జబ్బు, వైద్యం

మన దగ్గర ఆరేడు లక్షల్లో స్పోర్ట్స్ కారు అంటే రెండు డోర్ల, టాప్ లేని బండి కాదు. ఆ ధరకు పాత జర్మన్ కన్వర్టిబుల్ ఎక్కడైనా కనబడినా దండం పెట్టి పక్కకు జరగండి. కొనడం మీ చేతిలో ఉంటుంది, నడపడం మెకానిక్ చేతిలో ఉంటుంది. ఈ బడ్జెట్‌లో అసలు సరదా హ్యాచ్‌బ్యాక్‌లలో, ఒకటి రెండు సెడాన్లలో ఉంది: పోలో జీటీ టీఎస్ఐ, లారా వీఆర్ఎస్, ఫియట్ పుంటో అబార్త్, బలెనో ఆర్ఎస్, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపి బలం పెంచేది) వద్దనుకుంటే ఫోర్డ్ ఫియెస్టా 1.6 ఎస్. నేను ఇప్పటికి ఇలాంటివి రెండు కొన్నాను. ఒకటి బాగా కొన్నాను.

ముందుగా డబ్బు సంగతి. చేతిలో ఏడు లక్షలుంటే ఐదున్నర బండి చూడండి. మిగతా లక్షన్నర బండిదే, కాకపోతే ఇంకా దాని పేరు మీద రాయలేదు, అంతే. టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్, డబుల్ క్లచ్ ఉన్న పదేళ్ల బండికి మొదటి ఏడాదిలో ఏదో ఒకటి వచ్చి తీరుతుంది. అది ఏం రాబోతోందో ముందే పసిగట్టి, ఆ ఖర్చు మన వల్ల అవుతుందా లేదా తేల్చుకోవాలి.

మీరు వెళ్ళేసరికే ఇంజిన్ వేడిగా ఉంది

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నేను మోసపోయింది ఇక్కడే. నగరం చివర ఒక డీలర్ దగ్గరికి ఉదయం తొమ్మిదింటికి వెళ్తే బండి కడిగి, తుడిచి, స్టార్ట్ చేసి పెట్టి ఉంది. "మీరు వస్తున్నారని ఏసీ వేసి ఉంచాం సార్" అన్నాడు. మర్యాద అనుకున్నాను. కొన్న మూడో రోజు తెల్లవారుజామున స్టార్ట్ చేస్తే, రేకు డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు చప్పుడు.

చల్లటి ఇంజిన్ మాత్రమే నిజం చెబుతుంది. రాత్రంతా ఆయిల్ కిందికి దిగి ఉంటుంది కాబట్టి సాగిన టైమింగ్ చైన్ (వాల్వులను పిస్టన్లతో తాళం కలిపి నడిపే గొలుసు), బలం పోయిన టెన్షనర్ (ఆ గొలుసును బిగుతుగా పట్టి ఉంచేది) మొదటి రెండు మూడు సెకన్లలోనే గలగలమంటాయి. ఆయిల్ ప్రెజర్ ఎక్కాక చప్పుడు పోతుంది. లారా వీఆర్ఎస్‌లో ఉన్న 1.8 టీఎస్ఐ (ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు టర్బో పెట్రోలు) తరం ఇంజిన్లకు ఈ టెన్షనర్ జబ్బు బాగా తెలిసిందే. చైన్ పళ్ళు దాటి జారితే వాల్వులు పిస్టన్లకు తగలొచ్చు, తగిలాయా, ఇక చిన్న రిపేరు కాదు, ఇంజిన్ విప్పడమో మార్చడమో.

అందుకని వెళ్ళగానే పలకరింపుల కంటే ముందు బోనెట్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే "రేపు ఆరింటికి వస్తాను, స్టార్ట్ చెయ్యకండి" అని చెప్పి వెనక్కి వచ్చేయండి. అమ్మేవాడు నిజాయితీపరుడైతే ఆరింటికి టీ ఇస్తాడు. చప్పుడు వినబడిందా, చైన్ కిట్, టెన్షనర్, లేబర్ కలిపి కొటేషన్ రాయించుకుని అంత మొత్తం ధరలో తగ్గించమనండి. తగ్గించకపోతే వదిలేయండి. "ఆయిల్ మారిస్తే పోతుంది" అన్న మాట మాత్రం నమ్మొద్దు. చిక్కటి ఆయిల్ పోసి చప్పుడు అణచడం అందరికీ తెలిసిన పనే.

సైలెన్సర్ నుంచి పొగ

రంగు చూడాలి, ఎప్పుడు వస్తోందో కూడా చూడాలి.

నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. రాత్రి ఆగిన బండి స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పు వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్. ఘాట్ రోడ్డులో గేరులోనే ఉంచి కిందికి దిగి, ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడు అద్దంలో నీలం మబ్బు కనిపిస్తే అదీ సీల్సే. టర్బో గట్టిగా లాగుతున్నప్పుడే వస్తే అనుమానం టర్బో మీదకు, పిస్టన్ రింగుల మీదకు మళ్ళుతుంది. ఇంటర్‌కూలర్ (టర్బో పంపే గాలిని చల్లబరిచేది) పైపు ఒకటి విప్పించి చూడండి. లోపల పల్చటి తడి మామూలే, ఆయిల్ మడుగు కడితే టర్బో మీద గట్టి అనుమానం.

ఆ 1.8 టీఎస్ఐల గురించి ఇంకొక మాట. వీటికి ఆయిల్ తాగే అలవాటు ఉంది. ఆయిల్ రింగుల రంధ్రాలు మూసుకుపోవడం ఒక కారణం. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా మామూలేనని కంపెనీ మాన్యువల్లోనే ఉంటుంది కాబట్టి, అమ్మేవాడు దాన్నే చదివి వినిపిస్తాడు. ఇంజిన్ విప్పించడానికి ముందు చవకైన అనుమానం ఒకటి తీర్చుకోండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత మెల్లగా తీయండి. మూతను లోపలికి గట్టిగా పీల్చుకుంటూ ఈల వేసినట్టు శబ్దం వస్తే పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను లాగేసే వాల్వ్) లోని పొర చిరిగింది. దాన్ని మార్చడం చిన్న పని, ఆయిల్ ఖర్చు కూడా చాలావరకు తగ్గొచ్చు. మూత మామూలుగానే వచ్చి, బండి మాత్రం ఆయిల్ తాగుతుంటే అనుమానం రింగుల మీదే. అంటే ఇంజిన్ కిందికి దించాలి. ఈ బడ్జెట్‌లో ఆ జోలికి పోకండి.

తెల్ల పొగ చలికాలం పొద్దున్నే వస్తే అది ఆవిరి, ఐదు నిమిషాల్లో పోతుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా వస్తూ, ముక్కుకి తియ్యటి వాసన తగులుతుంటే కూలెంట్ కాలుతోంది. ఆయిల్ మూత అడుగున మజ్జిగ నురగలా పేరుకుందేమో, కూలెంట్ ట్యాంకులో బుడగలు వస్తున్నాయేమో చూడండి. రెండింటిలో ఏది ఉన్నా అనుమానం హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్ కింద ఉండే సీలు) మీదే. హెడ్ కూడా వంగిందేమో విప్పితే గానీ తెలియదు, కాబట్టి కొటేషన్ మీద బేరం ఆడడం కూడా వృథా.

నల్ల పొగ పెట్రోలు బండిలో ఎక్కువ ఇంధనం పోతోందని అర్థం. సెన్సర్ కావొచ్చు. సగం సార్లు మాత్రం ఎవరో బలం పెంచడానికి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) రీమ్యాప్ చేయించి, అమ్మేముందు వెనక్కి మార్చడం మరిచిపోయిన బండి.

ట్రాఫిక్‌లో కదిలేటప్పుడు వణుకు

ఆటోమేటిక్ పోలో జీటీ టీఎస్ఐ చూస్తున్నవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవాలి. 2013లో మన దగ్గరికి వచ్చిన ఈ బండి 1.2 లీటర్ల టర్బోతో 105 పీఎస్ ఇస్తుంది, నడపడానికి ముచ్చటగా ఉంటుంది. గేర్‌బాక్స్ మాత్రం ఏడు గేర్ల డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) డీఎస్జీ, అంటే ఫోక్స్‌వ్యాగన్ డబుల్ క్లచ్ ఆటోమేటిక్. ఇందులో రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి 1, 3, 5, 7 గేర్లను చూసుకుంటుంది, రెండోది 2, 4, 6, రివర్స్‌లను. వాటిని ఆడించే కంప్యూటర్, హైడ్రాలిక్స్ కలిసిన పెట్టెను మెకట్రానిక్ అంటారు. ఈ కుటుంబం గేర్‌బాక్స్ ఆయిల్ మార్చడానికి ఫోక్స్‌వ్యాగన్ 2013 నవంబరులో ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్లను వెనక్కి పిలిచింది.

డ్రై క్లచ్‌కు శత్రువు వేగం కాదు, అమీర్‌పేట సాయంత్రం. అంగుళం అంగుళం పాకుతుంటే క్లచ్ సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది. కాబట్టి టెస్ట్ డ్రైవ్ ఔటర్ రింగ్ రోడ్డు మీద చేస్తే ఏమీ తెలియదు. ఇరవై నిమిషాలు ట్రాఫిక్‌లో తిప్పండి. ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు పాదాలకు వణుకు తెలుస్తోందా? ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగి మళ్ళీ కదిలినప్పుడు జెర్క్ వస్తోందా? ఏదైనా ర్యాంపు మీద రివర్స్‌లో మెల్లగా ఎక్కించండి, రెండో క్లచ్ పరీక్ష అదే.

ఒట్టి వణుకైతే ముందు స్కానర్‌తో అడాప్టేషన్ చేయించి చూడాలి, అంటే క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో కంప్యూటర్‌కు మళ్ళీ నేర్పించడం. ఖర్చు తక్కువ, కొన్నిసార్లు అంతటితో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే క్లచ్ ప్యాక్ మార్చాలి. మీటర్‌లో గేర్ గుర్తు టపటపా వెలుగుతూ ఆరుతూ, 1-3-5 మొత్తంగానో 2-4-6 మొత్తంగానో మాయమైతే అనుమానం నేరుగా మెకట్రానిక్ మీదే. కొత్తది వేయిస్తే లక్ష దాటుతుంది. ఏ రిపేరైనా ఇప్పటికే అయిపోయి, బిల్లు చేతిలో ఉన్న బండి దొరికితే అది అదృష్టం. మచ్చ లేని బండి కంటే వైద్యం అయిపోయిన బండే నాకు ఇష్టం.

ఇంత టెన్షన్ ఎందుకనుకుంటే మాన్యువల్ చూడండి. అబార్త్ మాన్యువలే, బలెనో ఆర్ఎస్ మాన్యువలే, లారా వీఆర్ఎస్ కూడా మాన్యువలే.

ఆర్‌పీఎం పెరుగుతోంది, వేగం పెరగడం లేదు

మాన్యువల్ అయితే నాలుగో గేరులో, 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ముల్లు ఎగిరి బండి కదలకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది. రీమ్యాప్ చేసిన బండ్లలో ఇది తొందరగా వస్తుంది, ఎందుకంటే అంత టార్క్‌కు ఆ ప్లేటు చేయలేదు. ఆర్‌పీఎం కూడా ఎక్కక, బండి మందంగా ఉండి, ఎక్కడో ఉస్సుమంటుంటే బూస్ట్ లీకు, అంటే టర్బో గాలి బయటికి పోతోంది. చిరిగిన గొట్టం, వదులైన క్లిప్పు. చవకైన జబ్బే గానీ బేరంలో బాగా పనికొస్తుంది.

ఒక్క వార్నింగ్ లైటూ లేదు

బాగుందా, లేక పొద్దున్నే చెరిపేశారా? వెయ్యి రూపాయల బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌ను చదివే పరికరం) ఒకటి కొనుక్కుని వెళ్ళండి. ఫాల్ట్ కోడ్లతో పాటు "రెడీనెస్ మానిటర్లు" (బండి తనను తాను పరీక్షించుకున్న రికార్డు) చూడండి. కోడ్లు చెరిపితే ఇవి కూడా సున్నాకు వస్తాయి, మళ్ళీ పూర్తవడానికి రకరకాల వేగాల్లో కొన్నాళ్ళు నడపాలి. అన్నీ "నాట్ రెడీ" అని చూపిస్తే ఎవరో ఈ మధ్యే తుడిచారు. బ్యాటరీ తీసినా అలాగే అవుతుంది, అమ్మేవాళ్ళు చెప్పే మొదటి సాకు కూడా అదే. అయితే వారం తర్వాత వస్తానని చెప్పి మొహం చూడండి.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్లకైతే ఆ గ్రూపు స్కానర్ ఉన్న మెకానిక్‌ను తీసుకెళ్ళండి. అందులో ఫాల్ట్ కోడ్ పక్కనే అది ఎన్ని కిలోమీటర్ల దగ్గర పడిందో కనిపిస్తుంది. మీటర్ 48 వేలు చూపిస్తుంటే, పాత కోడ్ 91 వేల దగ్గర పడి ఉంటే ఇక మాట్లాడటానికేం లేదు. షోరూం సర్వీస్ రికార్డు కూడా తీయించండి. నున్నగా మెరిసే స్టీరింగ్, అరిగిన క్లచ్ పెడల్ రబ్బరు ఎలాగూ చెబుతూనే ఉంటాయి.

లోపల ఎయిర్ ఫ్రెషనర్ వాసన మరీ ఎక్కువ

2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. ఆ బండ్లన్నీ తుక్కుకు పోలేదు. సీటు బెల్టు చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద గీత ఉంటే నీళ్ళు అంతవరకు వచ్చాయి. సీటు కింద బోల్టులు, పట్టాలు తుప్పు పట్టాయా చూడండి, స్పేర్ టైరు గుంతలో చెయ్యి పెట్టండి. దీనికి వైద్యం లేదు. వైరింగ్ ఒక్కో కనెక్టర్ చొప్పున ఏళ్ళ తరబడి చస్తూ ఉంటుంది.

స్పీడ్ బ్రేకర్ మీద టకటక, స్టీరింగ్ ఒక పక్కకు లాగడం లాంటివి మాత్రం చూసి భయపడకండి. లింకు రాడ్లు, బుష్‌లు, అలైన్‌మెంట్. బోనెట్ ఎత్తినప్పుడు ఫెండర్ బోల్టుల మీద రంగు చిట్లి, ఆప్రాన్ (బోనెట్ కింద, చక్రం పైన ఉండే లోపలి రేకు) మీద వెల్డింగ్ కనబడితే మాత్రం అది అలైన్‌మెంట్ సమస్య కాదు, యాక్సిడెంట్ బండి.

ధర మార్కెట్ కంటే లక్ష తక్కువ

నంబర్ ప్లేటు డీఎల్ అని మొదలవుతుంటే కారణం తెలిసినట్టే. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్ల మీద 2025 దాకా గట్టి ఆంక్షలుండేవి, కాబట్టి గడువు దగ్గరపడ్డవి దక్షిణానికి దిగాయి. బండి మంచిదే కావొచ్చు. కానీ అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ రావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. అవి కలిపితే ఆ లక్ష తక్కువలో ఏం మిగులుతుందో కాగితం మీద లెక్క వేయండి. ఎన్‌ఓసీ "వచ్చేస్తుంది" అంటే వచ్చాకే మిగతా డబ్బు. లోకల్ బండికైనా ఆర్సీలో హైపోథికేషన్ (బండి మీద బ్యాంకు లోను) ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, లోను తీరిందనే ఫారం 35 లేకుండా ముందుకెళ్ళకండి. ఓనరు పేరు మార్పు ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకోవడం, పెండింగ్ చలానాలు కట్టించడం అదే రోజు జరగాలి. ఇన్సూరెన్స్ పేరు మార్పుకు 14 రోజుల గడువుంది. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనర్‌తోనే పోతుంది, ప్రీమియం లెక్కలో అది మరవొద్దు.

బండి అన్నిటా బాగుంది, అయినా ఎవరూ కొనడం లేదు

అబార్త్‌ల కథ ఇది. 145 పీఎస్, కొత్తగా అమ్మిన రోజుల్లో ఆ ధరలో అంత బలం ఇచ్చిన బండి ఇంకోటి లేదు, డీఎస్జీ తలనొప్పి లేదు. కానీ ఫియట్ ఇక్కడ పుంటో, లీనియా అమ్మడం ఎప్పుడో ఆపేసింది. ఫోర్డ్ కూడా 2021లో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. అబార్త్ ఇంజిన్ భాగాలకు దాని చుట్టమైన లీనియా టీ-జెట్ ఆదుకుంటుంది, బంపరు, హెడ్‌లైటు పగిలితేనే ఏడుపు. బండి చూడటానికి వెళ్ళేముందే ఆటోనగర్‌లో ఇద్దరు స్పేర్ పార్ట్స్ వాళ్ళకు ఫోన్ చేయండి. మూడే అడగండి: టైమింగ్ బెల్ట్ కిట్, క్లచ్ సెట్, ముందు హెడ్‌లైటు. ధర, ఎన్ని రోజుల్లో తెప్పిస్తారో రాసుకోండి. ఇద్దరూ "చూసి చెప్తాం అన్నా" అని ఫోన్ పెట్టేస్తే, ఆ ఆదివారం ఇంకో బండి చూడటానికి వెళ్ళండి.