గుమ్మం దాటగానే గోల పెట్టే కుక్కను ఇంట్లో ఒంటరిగా ఉంచడం ఎలా

"మీరు అటు వెళ్లగానే మీ కుక్క వీధంతా వినపడేలా ఏడుస్తోందండీ" అని పక్కింటివాళ్లు చెప్పేదాకా చాలామందికి విషయం తెలియదు. ఆ మాట విన్నాక ముందుగా చేయాల్సిన పని, ఒక పాత ఫోన్‌ని వీధి తలుపు కనిపించేలా అలమరలో పెట్టి వీడియో ఆన్ చేసి, రోజూ వెళ్లే వేళకే వెళ్లి గంట తరవాత రావడం.

వీడియోలో మొదటి అరగంట జాగ్రత్తగా చూడండి. ఒంటరిగా ఉండడమంటే భయపడే కుక్క తలుపు మూసిన కాసేపటికే మొదలుపెడుతుంది. రొప్పుతుంది, చొంగ కారుస్తుంది, తలుపుకీ కిటికీకీ మధ్య తిరుగుతుంది, ద్వారబంధం గీకుతుంది, ఎప్పుడూ పోయని చోట పోస్తుంది. ఇష్టమైన కోడిముక్క ముందు పెట్టినా ముట్టదు, మీరు వచ్చాక గబగబా తింటుంది. అలా కాక హాయిగా గంటసేపు పడుకుని, లేచి చెప్పు కొరికిందంటే దానికి తోచట్లేదన్నమాట. పొద్దున్నే ఓ అరగంట కాలవగట్టు మీద తిప్పి, నమలడానికి ఏదైనా ఇస్తే చాలు. అరుగు మీద ఎవరైనా కూర్చున్నప్పుడు మాత్రమే అరుస్తుంటే వీధివైపు కిటికీ మూసి వెనక గదిలో ఉంచండి.

ఇక్కడినుంచి చెప్పేదంతా మొదటి రకం కుక్క గురించి.

ఇంటికొచ్చి చిరిగిన దిండు చూపించి కొడితే భయం రెట్టింపవుతుంది. అది తల దించుకునేది చేసిన పని గుర్తొచ్చి కాదు, మీ మొహం, గొంతు చూసి. గొలుసుతో దొడ్లో చెట్టుకి కట్టేసి వెళ్లడం మన వైపు మామూలే గానీ, కంగారులో అది చెట్టు చుట్టూ తిరిగి గొలుసు మెడకి బిగించుకుంటుంది. వానాకాలంలో చేలు నిండి పాములు దొడ్లోకి వస్తే పారిపోయే దారి కూడా ఉండదు. ఇనుప బోనులో పెట్టినా అంతే, ఊచలు కొరికి పళ్లు, గీకి గోళ్లు విరగ్గొట్టుకుంటుంది.

అలవాటు చేయడం, మీరు బయటికి వెళ్తున్నారని కుక్క పసిగట్టే సైగలతో మొదలవుతుంది. తాళాల గుత్తి, హెల్మెట్, క్యారేజీ, వీటిలో ఏది చూడగానే చెవులు నిక్కిస్తుందో గమనించండి. రోజుకి పదిసార్లు ఆ తాళాలు తీసి జేబులో వేసుకుని, మళ్లీ కుర్చీలోనే కూర్చోండి. కుక్క తల కూడా ఎత్తని రోజున తరవాతి సైగకి వెళ్లండి. బైకు స్టార్ట్ చేసి ఆపేసి లోపలికి రావడం వీటిలో ఆఖరుది.

తరవాత తలుపు. మొదట పక్కగదిలోకి వెళ్లి తలుపు మూసి, కొన్ని సెకన్లకే తిరిగి రావాలి. ఒక పూట వరస 5, 10, 3, 15, 8, 20, 5 సెకన్లలా ఉండాలి. మధ్యమధ్య తగ్గించకుండా పెంచుకుంటూ పోతే ప్రతిసారీ కిందటిసారి కన్నా కష్టమేనని కుక్క పసిగట్టేస్తుంది. రెండింటి మధ్య ఒకటి రెండు నిమిషాలు ఆగి, ఊపిరి మామూలయ్యాకే మళ్లీ వెళ్లండి. పూటకి పది పదిహేను నిమిషాలు చాలు. పెదాలు నాక్కోవడం, అదేపనిగా ఆవలించడం, తలుపుకి ముక్కు ఆనించడం కనిపిస్తే ఎక్కువ చేశారని అర్థం, సగానికి తగ్గండి. నిమిషం కుదిరాక వీధి తలుపు, ఐదు నిమిషాలు కుదిరాక బైకు మీద సందు చివరిదాకా. నలభై నిమిషాలదాకా చేరడమే కష్టమైన భాగం, వారాలు పట్టొచ్చు. గంటన్నర ప్రశాంతంగా పడుకోగలిగిన కుక్క సాధారణంగా సగం రోజు ఉండగలుగుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. సాయంత్రం అరనిమిషం నేర్పించి, పొద్దున్నే రాజమండ్రి బస్సెక్కి రాత్రికి వస్తారు. ముందురోజు నేర్పిందంతా ఒక్కరోజులో పోతుంది. నేర్పుతున్నన్నాళ్లూ దాన్ని పక్కింటి మామ్మగారి దగ్గరో, పిన్నిగారింట్లోనో ఉంచాలి, లేకపోతే కొట్టుకి వెంట తీసుకెళ్లాలి. తోడుకి రెండో కుక్కని తెస్తే తగ్గుతుందనుకోవద్దు. దానికి కావాల్సింది మనిషి.

తిండి పనికొస్తుంది గానీ మందు కాదు. ఉప్పు, తాలింపు లేని పెరుగన్నంలో ఉడికించిన కోడి కలిపి, బోలు రబ్బరు బొమ్మలో కూరి రాత్రి ఫ్రీజర్‌లో పెడితే పొద్దున్న పావుగంట పైనే నాకుతుంది. అది అయిపోగానే ఏడుపు మొదలైతే భయం వాయిదా పడిందంతే, సెకన్ల దగ్గరికే వెళ్లాలి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషం. ఉడికిన ఎముకలు లోపల చీలి గుచ్చుకుంటాయి. కోనసీమలో ప్రతి దొడ్లోనూ కొబ్బరి డొక్కలు పడుంటాయి. కుక్క ఆ పీచు మింగితే పేగులో ఉండకట్టి అడ్డుపడుతుంది, కాబట్టి నమలడానికి అది మాత్రం ఇవ్వకండి.

ఇరవై కిలోల కుక్కకి రోజుకి లీటరుకి పైగానే నీళ్లు కావాలి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. తన్నినా దొర్లని బరువైన తొట్టిలో పెట్టండి. కుక్క ఒంటి వేడి ముఖ్యంగా రొప్పడంతోనే తగ్గుతుంది. మన ఉక్కపోతలో తడి ఆరదు గనక ఆ దారీ సరిగా పనిచేయదు. భయంతో రొప్పే కుక్కని మే నెలలో రేకుల గదిలో పెడితే ప్రాణానికే ముప్పు. పెంకుటింటి మధ్యగది, చల్లటి గచ్చు మేలు. ఫ్యాన్‌నే నమ్ముకుంటే కరెంటు పోయినప్పుడు అదీ ఉండదు.

ఇన్నాళ్లూ బాగున్న పెద్ద వయసు కుక్క హఠాత్తుగా మొదలుపెడితే ముందు డాక్టరుకి చూపించండి. నొప్పి, చెవుడు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు. భయం మరీ ఎక్కువైతే ఫ్లూక్సెటీన్, క్లోమిప్రమీన్ లాంటి మందులు రాస్తారు. పని కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, పక్కన అలవాటు చేయడం సాగుతూనే ఉండాలి. మనుషుల నిద్రమాత్రలు ఇవ్వకూడదు.

సంక్రాంతి వారంలో కొత్త మెట్టు ఎక్కించకండి. ఇల్లంతా చుట్టాలతో నిండి, కనుమ దాటగానే ఒక్కసారి ఖాళీ అవుతుంది, బాగుపడిన కుక్క కూడా అప్పుడు బెంగపడుతుంది. జూన్‌లో బళ్లు తెరిచినప్పుడూ ఇంతే. పండక్కి ముందు నలభై నిమిషాల దగ్గర ఉన్నారా, చుట్టాలు వెళ్లాక పది నిమిషాల దగ్గర మొదలుపెట్టి, రెండు రోజులు వీడియో చూశాకే పెంచండి.