స్లో కుక్కర్ వంట – రెండవ పాఠం: గిన్నె ఎంపిక, వేడి తీరు

ప్రెషర్ కుక్కర్ ఆవిరిని బంధించి నీటి మరుగు స్థానాన్ని 100 డిగ్రీల సెల్సియస్ దాటిస్తుందనీ, స్లో కుక్కర్ మాత్రం ఆ స్థానానికి కాస్త దిగువనే నిలిచి గంటల తరబడి ఉడికిస్తుందనీ మొదటి పాఠంలో చూశాం. ఈ పాఠంలో ఎంత గిన్నె కొనాలో, అందులో ఏది ఎక్కడ వేయాలో తెలుసుకుందాం.

పెద్దది కొంటే ఎప్పటికైనా పనికొస్తుందన్న లెక్క ఈ పరికరానికి చెల్లదు. చాలా కుక్కర్లలో వేడి పుట్టించే తీగ సిరామిక్ గిన్నె చుట్టూ గోడలో ఉంటుంది కాబట్టి, సగం కంటే తక్కువ నింపితే పదార్థం అంచుల వెంట ఎండి మాడుతుంది. మూడింట రెండు వంతులు దాటితే మధ్యభాగానికి వేడి చేరడం ఆలస్యమవుతుంది. ఇద్దరికి 2 లీటర్లు, నలుగురికి 3.5 నుంచి 4 లీటర్లు, ఆరుగురికి 5 నుంచి 6 లీటర్ల గిన్నె సరిపోతుంది. పెద్ద మాంసపు ముక్కలు కోయకుండా వండేవారికి కోలగిన్నె, మిగతావారికి గుండ్రటిది మేలు. వంట సమయం ముగియగానే దానంతటదే ‘వార్మ్’కు మారే టైమర్ ఉంటే కొంచెం ఎక్కువ ధర పెట్టినా నష్టం లేదు. వంటను కొన్ని గంటల తర్వాత మొదలుపెట్టే సౌకర్యాన్ని మాత్రం పచ్చిమాంసానికి వాడకూడదు. అంతసేపు అది గది వేడిలోనే ఉండిపోతుంది.

‘హై’ పెడితే ఎక్కువ వేడి, ‘లో’ పెడితే తక్కువ వేడి అని చాలామంది అనుకుంటారు. చాలా కుక్కర్లలో రెండూ చివరకు చేరేది దాదాపు ఒకే వేడికి, అంటే 93 నుంచి 99 డిగ్రీల మధ్యకు. అక్కడికి చేరే వేగంలోనే తేడా. అందుకే ‘లో’లో 8 గంటలు పట్టే కూర ‘హై’లో సుమారు 4 గంటల్లో అవుతుంది.

ఈ నిదానమే ముక్కలు పేర్చే క్రమాన్నీ నిర్ణయిస్తుంది. మాంసాన్ని గట్టిగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్ 70 డిగ్రీల దగ్గరే మెత్తటి జెలటిన్‌గా కరగడం మొదలుపెడుతుంది. కూరగాయల కణాలను పట్టి ఉంచే పెక్టిన్ సడలడానికి 85 డిగ్రీల దాకా కావాలి. మాంసం గరిటె తగిలితే విడిపోతున్నా, పైన వేసిన క్యారెట్ ముక్క పంటి కింద కరకరలాడడానికి కారణం ఇదే. కాబట్టి దుంపలను, క్యారెట్లను రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి అడుగునా అంచుల వెంటా పరచి, మాంసాన్ని వాటి మీద పెట్టాలి. ఆవిరి మూతకు తగిలి నీరై మళ్లీ గిన్నెలోకే జారుతుంది కనుక, పొయ్యి మీద పోసే నీటిలో మూడో వంతు తగ్గించాలి. పాలు, మీగడ విరిగిపోకుండా చివరి అరగంటలో కలపాలి. మధ్యలో మూత తీసి చూసే అలవాటు ఉంటే ఇక్కడ మానుకోవాలి: తీసిన ప్రతిసారీ వంట 15 నుంచి 20 నిమిషాలు వెనకబడుతుంది.

ఇక జాగ్రత్తల్లో రాజ్మా గింజలది మొదటి స్థానం. వాటిలోని ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం బాగా మరిగితేనే నశిస్తుంది. 80 డిగ్రీల దగ్గర మెల్లగా ఉడికితే దాని తీవ్రత పెరగవచ్చు కూడా. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో పొయ్యి మీద 30 నిమిషాలు తెర్లించిన తర్వాతే కుక్కర్‌లో వేయాలి. గడ్డకట్టిన మాంసాన్ని నేరుగా వేయకూడదు, నిల్వ కూరను ఇందులో వేడి చేయకూడదు. రెండింట్లోనూ పదార్థం సూక్ష్మజీవులు వేగంగా పెరిగే 5–60 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉండిపోతుంది.

అభ్యాసం: గిన్నెలో సగానికి పైగా చల్లటి నీరు పోసి, మూతపెట్టి, ‘లో’లో 8 గంటలు ఉంచండి. మూత తీసిన వెంటనే థర్మామీటర్ ముంచి చూడండి, ఆలస్యమైతే అంకె పడిపోతుంది. 85 డిగ్రీల కంటే తక్కువ చూపితే ఆ కుక్కర్‌లో మాంసం వండవద్దు. 96 దాటితే వంట పుస్తకాల్లో ఇచ్చిన సమయాన్ని తగ్గించుకోవాలి. మీకు వచ్చిన అంకెను రాసిపెట్టుకోండి. మూడవ పాఠంలో వంట సమయాలను దాన్నిబట్టే లెక్కవేస్తాం.