వానలు మొదలయ్యేలోపే కాలివేళ్ళ సందులు చూసుకోండి

పాదాల మీద దురద, పొట్టు ఏటా వచ్చి పోతున్నాయంటే అది తామర, అంటే శిలీంధ్రం (ఫంగస్) వల్ల వచ్చే చర్మవ్యాధి కావచ్చు. చాలామందిలో అవి నిజంగా పోవడం లేదు. ఎండాకాలంలో అణిగి ఉండి, కాళ్ళు తడిలో నానడం మొదలవగానే మళ్ళీ పైకి లేస్తున్నాయి. అందుకే వానలకు నాలుగైదు వారాల ముందే పని మొదలుపెట్టాలి. పైపూత మందు పూర్తిగా పనిచేయడానికి దాదాపు అంత కాలం పడుతుంది.

మంచి వెలుతురులో కూర్చుని చిటికెన వేలిని పక్క వేలి నుంచి విడదీయండి. అన్నిటికన్నా ఇరుకైన సందు అది, తామర ఎక్కువగా మొదలయ్యేదీ అక్కడే. చర్మం తెల్లగా నాని, తడిసిన కాగితంలా పొరలు ఊడుతూ, అడుగున ఎర్రటి సన్నటి చీలిక కనిపిస్తే ముందు తామరనే అనుమానించాలి. తర్వాత అరికాలు తిప్పి చూడండి. మడమ నుంచి పాదం అంచుల దాకా పొడిబారి, చర్మపు గీతల్లో పిండి చల్లినట్టు ఉంటే దాన్ని మామూలు పగుళ్ళనుకుని ఏళ్ళ తరబడి నూనెలు రాస్తుంటారు. అదీ తామరే కావచ్చు. అరికాలి చర్మం మందం కాబట్టి క్రీము లోపలికి సరిగా దిగదు. చాలాసార్లు డాక్టరు రాసిచ్చే మాత్రలు కావాలి.

అన్నీ తామరలు కావు. పాదం పైన చెప్పు పట్టీ ఆనినంత మేరే, పట్టీ ఆకారంలోనే, రెండు కాళ్ళకీ ఒకేలా దద్దురు వచ్చి వేళ్ళ సందులు శుభ్రంగా ఉన్నాయంటే చెప్పులోని రబ్బరో, జిగురో, తోలు పదును చేసేటప్పుడు వాడిన క్రోమియమో పడటం లేదేమో చూడాలి. అలాంటప్పుడు మార్చాల్సింది చెప్పులు. అరికాలి మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు, ఘాటైన వాసన ఉండి, దురద పెద్దగా లేకపోతే అది బాక్టీరియా పని. దానికి మందు వేరు.

తామరే అయితే, వేళ్ళ సందులకు 1 శాతం టెర్బినాఫిన్ క్రీము రోజుకి ఒకటి రెండుసార్లు చొప్పున ఒకటి రెండు వారాలు, లేదా 1 శాతం క్లోట్రిమజోల్ రోజుకి 2 సార్లు చొప్పున 4 వారాలు రాయాలి. మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర పలచగా పట్టించండి, ఎందుకంటే శిలీంధ్రం కంటికి కనిపించే అంచు దగ్గరే ఆగి ఉండదు. దురద మూడు నాలుగు రోజుల్లోనే తగ్గుతుంది. ఎక్కువమంది మందు ఆపేసేదీ, జబ్బు తిరగబెట్టేదీ అక్కడే.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. క్లోబెటసాల్, బెటామెథాసోన్, మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్లు కలిపిన క్రీములు మీ అంతట మీరు కొని రాయకండి. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లన్నీ చదవండి. స్టెరాయిడ్ దురదనీ ఎరుపునీ రెండు రోజుల్లో అణచేస్తుంది కానీ, చర్మం తనను తాను కాపాడుకునే శక్తినీ తగ్గిస్తుంది. అడ్డు లేకపోయేసరికి శిలీంధ్రం పాకుతూనే ఉంటుంది. మచ్చ ఆకారమే మారిపోయి, డాక్టరుకి కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. డెట్టాల్ నేరుగా పోయడం, బ్లీచింగ్, వెల్లుల్లి ముద్ద కట్టడం కూడా వద్దు. అసలే పుండయిన చర్మం కాలుతుంది.

ఇక రోజూ చేయాల్సింది తడి ఆరబెట్టుకోవడం. స్నానం అయ్యాక పాదాలకు విడిగా ఒక తువ్వాలు పెట్టుకుని, ప్రతి సందులోనూ గుడ్డ దూర్చి, రుద్దకుండా అద్దండి. క్రీము ఇంకాకే మేజోళ్ళు తొడగాలి. గజ్జల్లోకి తామర పాకకూడదంటే లోదుస్తుల కన్నా ముందు మేజోళ్ళు వేసుకోవాలి, లేకపోతే పాదం తగిలిన లోదుస్తే దాన్ని పైకి మోసుకొస్తుంది. తడిగా ఉన్న సందులో పౌడరు పోస్తే అది ముద్దకట్టి ఇంకా ఒరుస్తుంది, ఆరాకే పలచగా చల్లాలి. మేజోళ్ళు 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకండి. బూట్లు రెండు జతలు మార్చి మార్చి వేసుకుంటే ఒక్కో జతకి ఆరడానికి రోజంతా దొరుకుతుంది. తడిసిన వాటిలో పాత కాగితాలు కుక్కి, అవి చెమ్మ పీల్చగానే మార్చండి.

గోరు పసుపుపచ్చగా, మందంగా మారి పొడిలా రాలుతుంటే శిలీంధ్రం అక్కడ కాపురం ఉన్నట్టే. చర్మం నయమైనా గోటి నుంచి మళ్ళీ దిగుతుంది. కాలిగోరు పూర్తిగా కొత్తది రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది కాబట్టి దాని వైద్యం వానలు వచ్చేలోపు తేలేది కాదు, మొదలైతే పెట్టాలి.

షుగరు ఉన్నవాళ్ళు, కాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళు సొంత వైద్యానికి దిగకుండా నేరుగా డాక్టరుకి చూపించాలి. వేళ్ళ మధ్య చీలిక నుంచే బాక్టీరియా లోపలికి పోయి కాలంతా వాచేలా చేస్తుంది. ఎరుపు పైకి పాకుతున్నా, కాలు వేడిగా ఉబ్బినా, జ్వరం వచ్చినా ఎవరైనా సరే ఆ రోజే వెళ్ళాలి. నాలుగు వారాలు సక్రమంగా రాసినా తగ్గకపోతే పొట్టు గీకి సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష చేయించుకోండి. దానికి ముందు ఏ క్రీము ఎన్నాళ్ళు రాశారో డాక్టరుకి చెప్పండి, వీలైతే ట్యూబు వెంట తీసుకెళ్ళండి. ఇటీవల మందు రాసి ఉంటే శిలీంధ్రం ఉన్నా పరీక్షలో కనబడకపోవచ్చు.