కంప్యూటర్ క్యాబినెట్ కొనేముందు రెండో వైపు ప్యానెల్ తీయించి చూడండి

హైదరాబాద్‌లో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునేవాళ్లు చాలామంది ప్రాసెసర్ గురించి, గ్రాఫిక్స్ కార్డు గురించి వారాల తరబడి ఆరా తీసి, అవన్నీ బిగించే పెట్టె, అంటే క్యాబినెట్ దగ్గరికొచ్చేసరికి "లైట్లు బాగున్నది ఏదో ఒకటి ఇవ్వండి" అనేస్తారు. షాపువాళ్లు కూడా అందుకు తగ్గట్టే ముందు వరసలో గాజు ప్యానెల్, రంగుల ఫ్యాన్లు ఉన్నవే పెడతారు. మదర్‌బోర్డు మీదే నేరుగా కూర్చునే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఒకే ఒక్కటి పెట్టుకుని గేమ్స్ ఆడుకునేవాళ్లకి అది సరిపోతుంది. కానీ పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, ఇంటిల్లిపాది ఫొటోలు ఒకచోట దాచుకునేవాళ్లు, అంటే రెండు మూడు హార్డ్ డిస్కులు పెట్టుకుని వాటిని అప్పుడప్పుడు తీసి మార్చుకునేవాళ్లు, గాజు వైపు చూసి కొంటే తర్వాత రోజూ తిట్టుకుంటారు. వాళ్లు చూడాల్సింది రెండో వైపు, మదర్‌బోర్డు వెనకాల ఉండే రేకు ప్యానెల్ లోపల.

అందుకే ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టేముందు ఒకసారి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే అందరూ సీటీసీ అంటారే, అక్కడికి వెళ్లి చూడమంటాను. "అన్నా, రెండు సైడ్లూ ఒకసారి తీసి చూపిస్తారా" అని అడగండి. డిస్‌ప్లేలో పెట్టినదాన్ని తీసి చూపించడానికి కూడా ఒప్పుకోకపోతే పక్క షాపుకి వెళ్లండి, అక్కడ షాపులకేం కరువు లేదు.

వెళ్లేముందు ఇంట్లో చేయాల్సిన లెక్క ఒకటుంది. ఇప్పుడు ఎన్ని డిస్కులున్నాయి, ఇంకో మూడేళ్లలో ఎన్ని అవుతాయి, మీ మదర్‌బోర్డుకి ఎన్ని సాటా పోర్టులు, అంటే డిస్కుల కేబుళ్లు తగిలించే చోట్లు, ఉన్నాయి. మామూలు బోర్డుల్లో ఈమధ్య నాలుగే వస్తున్నాయి, పైగా కొన్నిటిలో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ వాడితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి, మాన్యువల్లో రాసి ఉంటుంది చూసుకోండి. బోర్డుకి నాలుగు పోర్టులుంటే ఎనిమిది డిస్కులు పట్టే క్యాబినెట్‌కి డబ్బులు పోయడం ఎందుకు? ముందుముందు అదనపు సాటా కార్డు వేసే ఆలోచన ఉంటే అది వేరే సంగతి. నిజంగానే ఎక్కువ డిస్కులు కావాలంటే యాంటెక్ పీ101 సైలెంట్, ఫ్రాక్టల్ డిఫైన్ ఆర్5 లాంటి పాత తరహా డిజైన్లు ఎనిమిదేసి డిస్కులు పట్టేలా వచ్చాయి. ఇప్పుడొచ్చే గాజు క్యాబినెట్లలో 3.5 అంగుళాల డిస్కులకి రెండు చోట్లు ఉండటమే గొప్ప.

ఇక డిస్కుల గూడు. 3.5 అంగుళాల డిస్కు పొడవు దాదాపు 147 మిల్లీమీటర్లు, వెడల్పు 102, ఎత్తు 26. అది కూర్చునే ట్రే లాగితే సొరుగులా బయటికి రావాలి, అదీ రెండో వైపు ప్యానెల్ తీయగానే, గ్రాఫిక్స్ కార్డు జోలికి వెళ్లకుండా. చవక క్యాబినెట్లలో ట్రే ఉండదు, గూట్లోకి డిస్కుని తోసి ఇటు రెండు స్క్రూలు, అటు రెండు స్క్రూలు బిగించాలి, ఆ అటువైపు స్క్రూలకి స్క్రూడ్రైవర్ అందాలంటే సగం మెషీన్ విప్పాలి. ట్రే ఉన్నా దాన్ని చేతిలోకి తీసుకుని కొంచెం వంచి చూడండి, పల్చటి ప్లాస్టిక్ అయితే నాలుగుసార్లు తీసి పెట్టేసరికి చెవి విరుగుతుంది. స్క్రూలు పట్టేచోట రబ్బరు వాషర్లుంటే మంచిది, డిస్కు అదురు రేకుకి పాకదు, రాత్రిపూట ఆ గుర్రుమనే మోత తగ్గుతుంది. ఇంకో విషయం, పెద్ద సామర్థ్యం ఉన్న కొత్త డిస్కుల్లో చాలావాటికి పక్కన మధ్యలో ఉండే స్క్రూ రంధ్రం ఉండదు, కాబట్టి ట్రేకి చివరి రంధ్రాలు కూడా ఉన్నాయా చూసుకోండి.

డిస్కు కనెక్టర్లు ఎటు తిరిగి ఉంటాయో కూడా చూడాలి. అవి రెండో ప్యానెల్ వైపు తిరిగితే వైర్లన్నీ వెనకే ఉండిపోతాయి, తీయడం పెట్టడం తేలిక. అయితే అక్కడ చోటు చాలకపోతే ప్యానెల్ మూసేటప్పుడు అది కనెక్టర్‌ని నొక్కుతుంది. సాటా కనెక్టర్ లోపల ఎల్ ఆకారంలో ఉండే ఆ సన్నటి ప్లాస్టిక్ నాలుక విరిగిందంటే డిస్కు బాగానే ఉన్నా రిపేరు వాడి చుట్టూ తిరగాలి. "గట్టిగా తోసేయ్, పడుతుంది" అనే సలహా ఎవరిచ్చినా వినకండి, మొన దగ్గర ఎల్ లాగా పక్కకి వంగి ఉండే సాటా కేబుల్ కొనుక్కోండి.

రోజూ డిస్కులు మార్చే పని ఉంటే 5.25 అంగుళాల బే ఉన్న క్యాబినెట్ వెతకండి, పాతకాలం డీవీడీ రైటర్ పెట్టేది. అందులో మొబైల్ రాక్, అంటే డిస్కుని సొరుగులా తోసే చిన్న గూడు, బిగిస్తే ముందు నుంచే డిస్కు తోసి తీసేయొచ్చు. కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే బయాస్ సెట్టింగుల్లో ఆ పోర్టుకి హాట్ ప్లగ్ (మెషీన్ నడుస్తుండగానే డిస్కు తీసి పెట్టే వీలు) ఆన్ చేయాలి, తీసేముందు విండోస్‌లో ఎజెక్ట్ కొట్టాలి.

వైర్ల సంగతికి వస్తే, మదర్‌బోర్డు రేకుకీ ప్యానెల్‌కీ మధ్య సందులో మీ బొటనవేలు అడ్డంగా దూరాలి. సుమారు 20 మిల్లీమీటర్లు. అంతకన్నా తక్కువుంటే మదర్‌బోర్డుకి కరెంటిచ్చే 24 పిన్నుల లావుపాటి కేబుల్ మీద ప్యానెల్ ఉబ్బుతుంది, అసెంబుల్ చేసే కుర్రాడు మోకాలితో నొక్కి స్క్రూ బిగిస్తాడు. బోర్డుకి కుడి పక్కన కేబుల్ దూరే రంధ్రాలు, ఎడమ పై మూలలో ప్రాసెసర్ పవర్ కేబుల్‌కి ఒక రంధ్రం తప్పనిసరి. ఆ పై మూల రంధ్రం ఉన్నా ఇరుకుగా ఉంటే 8 పిన్నుల కనెక్టర్ దూరదు, అందుకే వేలు పెట్టి చూడమనేది. అంచులు గీసుకునేంత పదునుగా ఉన్నాయా అనేది కూడా అప్పుడే తెలిసిపోతుంది. వైర్లు కట్టడానికి రేకుకి అక్కడక్కడా కొక్కేలు ఉండాలి. కట్టేందుకు ప్లాస్టిక్ ట్యాగులకన్నా వెల్క్రో పట్టీలు నయం, డిస్కు మార్చిన ప్రతిసారీ కత్తెర వెతుక్కోనక్కర్లేదు.

అందరూ మర్చిపోయేది ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటిచ్చే డబ్బా, దాని పొడవు. కింద కవర్ లోపల ఒక పక్క ఎస్‌ఎంపీఎస్, ఇంకో పక్క డిస్కుల గూడు ఉంటాయి. మామూలు ఎస్‌ఎంపీఎస్ 140 మిల్లీమీటర్ల పొడవు, ఎక్కువ వాట్లవి 160, 180 కూడా ఉంటాయి, వాటి వెనక వైర్లు వంగడానికి ఇంకో రెండు మూడు అంగుళాలు కావాలి. గూడు స్క్రూలతో బిగించి ఉంటే ముందుకు జరుపుకోవచ్చు, రివెట్లు కొట్టేసి ఉంటే మాత్రం ఆ క్యాబినెట్ వదిలేయండి. కుదిరితే వైర్లు విడిగా ఊడివచ్చే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ తీసుకోండి, అక్కర్లేని వైర్లు డబ్బాలోనే ఉంటాయి. సాటా పవర్ కనెక్టర్లు చాలలేదని మోలెక్స్ అనే పాతరకం నాలుగు పిన్నుల కనెక్టర్ నుంచి మార్చే చవక కన్వర్టర్ వేయొద్దు, ప్లాస్టిక్ పోసి అతికించినట్టుండే రకం కాలిపోయి డిస్కుని కూడా తీసుకుపోతుందని పేరు.

గాలి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ముందు ప్యానెల్ జాలీ అయ్యుండాలి, డిస్కుల ఎదురుగా ఒక ఫ్యాన్ తిరగాలి. మన మే నెల ఎండల్లో బయట 40 దాటుతుంటే, మామూలు డిస్కుకి కంపెనీ చెప్పే గరిష్ఠం 60 డిగ్రీలు, మధ్యలో మిగిలేది ఎంతో మీరే చూడండి. దుమ్ము జాలీలు స్క్రూడ్రైవర్ లేకుండా ఊడిరావాలి, లేకపోతే ఎవరూ కడగరు. వెనకాల వాడని స్లాట్లకి రేకులు ఉన్నాయా చూడండి, బల్లులు వెచ్చదనం వెతుక్కుంటూ దూరతాయి. క్యాబినెట్ ముట్టుకుంటే షాక్ కొట్టినట్టు జిల్లుమంటే తప్పు క్యాబినెట్‌ది కాకపోవచ్చు, ఇంటి ఎర్తింగ్ చూపించండి.

బిల్లు వేయించేముందు డబ్బాలో స్క్రూల ప్యాకెట్, ట్రేలు అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. 3.5 అంగుళాల డిస్కుకి వేసే లావు మర స్క్రూ వేరు, ఎస్‌ఎస్‌డీకి వేసే సన్న మర స్క్రూ వేరు, రెండూ ఉండాలి. ఒక ట్రే తక్కువైనా అప్పుడే అడగండి, తర్వాత విడిగా దొరకడం కష్టం.