ఇటలీలోని అమాల్ఫీ తీరానికి బయలుదేరే ముందు జాగ్రత్తలు

సొరెంటో పట్టణం నుంచి చిన్న బృందంగా వ్యానులో వెళ్లేవారు, పొసిటానో ఊరి మీదుగా అమాల్ఫీకి చేరే 163వ నంబరు రహదారి కొండ అంచున ఇరుకుగా, ఎడతెగని మలుపులతో సాగుతుందని గుర్తుంచుకొని, కడుపులో తిప్పే ఇబ్బంది ఉంటే వైద్యులు సూచించిన మాత్రను బయలుదేరక ముందే వేసుకోవాలి. వీలైతే ముందు సీటు అడగడం మేలు.

పొసిటానోలో సముద్రపు ఒడ్డుకు ఎక్కువగా మెట్ల దారే. దిగడం సులువే గాని, మధ్యాహ్నపు ఎండలో తిరిగి ఎక్కేటప్పుడు మోకాళ్లు మొరాయిస్తాయి కనుక, పెద్దవారు వెంట ఉంటే అక్కడ ఎంతసేపు ఆగుతారో, వ్యాను మళ్లీ ఎక్కడ ఎక్కించుకుంటుందో ముందే కనుక్కోవాలి. జారని బూట్లు తప్పనిసరి.

అమాల్ఫీ కేథడ్రల్ (ప్రధాన చర్చి) చూడదలచినవారు భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు ధరించాలి.

పడవ ప్రయాణం కూడా ఉంటే, అలలు ఉధృతమైన రోజున పడవలు రద్దవుతాయి కాబట్టి, డబ్బు వాపసు ఇస్తారో లేదో నిర్వాహకుల నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి.